తేలినీలాపురం, నౌపడ పక్షులు: చలి వెళ్లి ఎండ వచ్చే వేళ తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సందడి అయిపోయి, శివరాత్రికి చలి 'శివశివా' అంటూ వెళ్లిపోయే రోజుల్లో శ్రీకాకుళం జిల్లాకి పక్షులు చూడ్డానికి వచ్చేవాళ్లు పెరుగుతారు. ఎండలు ముదరకముందే పిల్లల్ని తీసుకొచ్చేద్దామని కొందరు, కొత్త కెమెరా కొన్నామని కొందరు, విశాఖ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా అని ఇంకొందరు. అడిగేవి మాత్రం ఇంచుమించు ఇవే ప్రశ్నలు. కింద ఉన్న జవాబులు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా ఉండే పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తే పక్షులు ఉంటాయా? అప్పటికే వెళ్లిపోతాయా?

ఉంటాయి. టెక్కలి దగ్గరి తేలినీలాపురం ఊళ్లో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్కులు) సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దిగి, చెట్ల మీద గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరే వేళకి కదులుతాయి. ఫిబ్రవరిలో వస్తే చాలా గూళ్లలో పిల్లలు తల్లి సైజుకి దగ్గరపడి ఉంటాయి. కొమ్మ చివర నిలబడి రెక్కలు విదిలించడం, పక్క కొమ్మకి గెంతడం, ఒక చుట్టు ఎగిరొచ్చి మళ్లీ గూట్లోనే వాలడం కనిపిస్తుంది. మార్చి గడిచేకొద్దీ చెట్ల మీద పక్షులు పలచబడతాయి. ఏప్రిల్ రెండో వారం తర్వాత రమ్మని నేనెవరికీ చెప్పను.

ఏటా ఇదే లెక్క నడవదు. వానలు ఆలస్యమైతే అన్నీ వెనక్కి జరుగుతాయి. అక్టోబరులో తుపాను వచ్చి గూళ్లు రాలిపోతే కొన్ని జంటలు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. వాటి పిల్లలు ఆలస్యంగా ఎదుగుతాయి. అందుకే బయల్దేరే ముందు టెక్కలి వైపు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక ఫోన్ చేయడం మంచిది.

తేలినీలాపురం ఎలా వెళ్లాలి?

టెక్కలి మండలంలో, టెక్కలి నుంచి నౌపడ వెళ్లే వైపు ఉంటుంది. రోడ్డు మీద వచ్చేవాళ్లకి 16వ నంబరు జాతీయ రహదారి టెక్కలి దాకా తెస్తుంది. శ్రీకాకుళం నుంచి టెక్కలి సుమారు 50 కిలోమీటర్లు. విశాఖ నుంచైతే 160 దాకా అవుతుంది కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాలి. రైల్లో వచ్చేవాళ్లకి హౌరా–చెన్నై లైను మీదున్న నౌపడ జంక్షన్ దగ్గర. అయితే అన్ని రైళ్లూ అక్కడ ఆగవు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, అంటే ఆమదాలవలసలో దిగి బస్సు పట్టుకోవడం చాలామందికి తేలిక. టెక్కలి నుంచి ఆటోలు ఉంటాయి. వెనక్కి రావడానికి కూడా ముందే మాట్లాడుకోండి.

ఇవి నిజంగా సైబీరియా నుంచే వస్తాయా?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. టీవీలో, పేపర్లో, ఊళ్లో కూడా 'సైబీరియా పక్షులు' అనే వింటాం. కానీ తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే ఈ రెండు జాతులూ సైబీరియావి కావు. ఇక్కడి గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లో ఉండే జాతి. ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే. రెండూ మన దేశంలోనే, నీళ్లూ చేపలూ ఎక్కడ దొరికితే అక్కడికి మారుతూ తిరుగుతాయి.

ఇందులో ఒక చిన్న తర్కం ఉంది, అది పట్టుకుంటే తికమక ఉండదు. చలికి తట్టుకోలేక వేల కిలోమీటర్లు దిగి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. దాని కాన్పు అక్కడ, ఉత్తరాన, వేసవిలో జరుగుతుంది. మన దగ్గరికి వచ్చేది తిండి తిని చలికాలం గడపడానికి మాత్రమే. ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతోందంటే ఇదే దాని సొంత దేశం. నిజమైన సైబీరియా కొంగ ఒకటుంది. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి వచ్చేది. 2002 తర్వాత అది మన దేశంలో దిగిన దాఖలా లేదు.

విదేశీ పక్షి కాదంటే కొందరి మొహం చిన్నబోతుంది. ఎందుకో నాకు అర్థం కాదు. నాలుగు నుంచి ఆరు కిలోల బరువుండే పక్షి చింతచెట్టు కొమ్మ మీద కాపురం పెట్టడమే చూడదగ్గ విషయం కదా, దానికి పాస్‌పోర్టు ఎందుకు?

మరి దూరదేశాల నుంచి వచ్చేవి అసలు లేవా?

ఉన్నాయి, బోలెడు. కాకపోతే అవి ఊళ్లో చెట్ల మీద ఉండవు. కొద్ది దూరంలో నౌపడ ఉప్పుమడుల్లో, సముద్రపు పోటు ఎక్కే కయ్యల్లో, వాననీరు నిలిచే లోతట్టు తంపర భూముల్లో, భావనపాడు తీరంలో ఉంటాయి. చిన్నవి, మట్టిరంగువి, ఫొటోలో పెద్దగా అందంగా పడవు. అందుకే టూరిస్టు బళ్లు వాటి పక్క నుంచే వెళ్లిపోతాయి.

ఉప్పుమడి గట్టున కాసేపు నిలబడండి. నీటి అంచున బురదలో పొడుస్తూ గబగబా పరుగెత్తే చిన్న చిన్న ఉల్లంకులు కనిపిస్తాయి. వాటిలో పిచ్చుకంత ఉండేది ఒకటుంది, మామూలుగా బరువు 30 గ్రాములు దాటదు. అది గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ తీరపు మైదానాల్లో. ముక్కు కాస్త పొడుగ్గా, చివర కిందికి వంగినట్టుండే ఇంకో ఉల్లంకి కచ్చితంగా సైబీరియాదే. సైబీరియా పక్షి చూశామని ఎవరికైనా చెప్పుకోవాలంటే దీన్ని చూసి చెప్పండి. బాతుల్లో తోక సూదిలా సాగి ఉండే సూదితోక బాతు, ముక్కు తెడ్డులా ఉండే బాతు లాంటివి తంపరల్లో నీళ్లున్నంత కాలం ఉంటాయి.

ఇవన్నీ వాడే ఆకాశమార్గాన్ని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగుతుంది. మనకి ఉత్తరాన ఒడిశాలో చిలికా సరస్సు ఉంది, 1981లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. చిలికాకి వచ్చే గుంపులతో పోలిస్తే నౌపడవి చిన్న గుంపులే. అయినా నౌపడ బీలనీ (బీల అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేల) తేలినీలాపురాన్నీ కలిపి అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న పక్షి స్థావరంగా గుర్తించారంటే దాని విలువ దానికుంది.

అవి ఇప్పుడే ఎందుకు బయల్దేరతాయి? ఇక్కడ ఇంకా తిండి ఉంది కదా?

తిండి అయిపోయాక బయల్దేరితే ఆలస్యమైపోతుంది. సైబీరియాలో వేసవి చాలా చిన్నది. మంచు కరిగీ కరగకముందే చేరుకుని, గూడు పెట్టి, పిల్లలకి రెక్కలు వచ్చేదాకా పెంచి, మళ్లీ చలి రాకముందే దిగిపోవాలి. అందుకే వాటికి ఇక్కడి ఎండ కంటే పగటి పొడవు ముఖ్యం. సంక్రాంతి దాటాక పగలు పెరుగుతున్న సంగతి వాటి ఒంటికి తెలుస్తుంది. హార్మోన్లు మారతాయి. తిండి యావ పెరుగుతుంది. కొన్ని చిన్న ఉల్లంకులు బయల్దేరే ముందు మామూలు బరువు మీద సగం దాకా కొవ్వు పట్టిస్తాయి. ప్రయాణంలో కాలేది ఆ కొవ్వే.

కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉప్పుమడి దగ్గర పక్షిని ఒక్కసారి ఊరికే లేపినా దానికి నష్టమే. కుక్కని వదలడం, బండి గట్టు మీదికి తోలడం, 'ఎగిరేటప్పుడు ఫొటో బాగుంటుంది' అని రాయి విసరడం సరదా అనుకునేవాళ్లు ఉన్నారు. అది ఎగిరిన ప్రతిసారీ దాచుకున్నదాంట్లోంచి ఖర్చు పెడుతుంది.

చాలా జాతులు రాత్రిళ్లే ప్రయాణం చేస్తాయి. నిన్న సాయంత్రం గుంపుగా ఉన్నవి పొద్దున్న చూస్తే ఉండవు. దారి పట్టుకోవడానికి సూర్యుణ్ణి, నక్షత్రాల్ని, భూమి అయస్కాంత క్షేత్రాన్ని వాడుకుంటాయి.

వెళ్లే ముందు రంగు మారతాయంటారు, నిజమేనా?

నిజం. ఈ కాలంలో రావడానికి అసలు కారణం ఇదే అంటాను. డిసెంబరులో ఉప్పుమడుల దగ్గర అన్నీ బూడిదరంగే. మార్చి చివరికి ఆ వంకరముక్కు సైబీరియా ఉల్లంకికి రొమ్మంతా ఇటుకరంగు ఎక్కడం మొదలవుతుంది. ఒకే గుంపులో సగం మారినవి, మచ్చలు మచ్చలుగా ఉన్నవి, ఇంకా మారనివి కలిసి తిరుగుతుంటాయి. కొత్తవాళ్లు ఇవి నాలుగు జాతులని అనుకుంటారు.

ఇంకా తేలిగ్గా చూడాలంటే భావనపాడు తీరంలో, పడవలు ఒడ్డుకి చేరే చోట సముద్రపు కాకుల్ని చూడండి. చలికాలంలో వాటి తల తెల్లగా, కంటి వెనక ఒక్క మచ్చతో ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తల మొత్తం కాఫీరంగు టోపీ పెట్టినట్టు మారిపోతుంది. వాటి గూళ్లు లద్దాఖ్, టిబెట్ వైపు ఎత్తైన సరస్సుల దగ్గర. ఆ టోపీ నిండిందంటే ప్రయాణం దగ్గరపడినట్టే.

గూడబాతుని, ఎర్రకాళ్ల కొంగని ఎలా గుర్తుపట్టాలి?

కష్టమేమీ లేదు. ముక్కు కింద సంచి వేలాడేది గూడబాతు. దాన్ని గూడకొంగ అని కూడా అంటారు. ఒళ్లు మాసిన తెలుపు, పైముక్కు అంచున వరసగా చుక్కలుంటాయి. ఎర్రకాళ్ల కొంగకి ముక్కు పసుపురంగులో పొడుగ్గా, చివర కాస్త వంగి ఉంటుంది. రొమ్ము మీద అడ్డంగా నల్లటి పట్టీ, తోక దగ్గర గులాబీ ఈకలు. పిల్లలకి ఆ గులాబీరంగు ఉండదు, బూడిదరంగులో వెలిసిపోయినట్టుంటాయి. చూడ్డానికి వేరే పక్షుల్లాగే ఉంటాయి కాబట్టి పక్కనున్న తల్లిని చూసి పోల్చుకోవాలి.

తిండి పట్టే తీరు గమనిస్తే ఇంకా బాగుంటుంది. గూడబాతు సంచిని వలలా వేసి నీళ్లతో సహా చేపని ఎత్తుకుంటుంది, నీళ్లు వంచేసి చేపని మింగుతుంది. ఎర్రకాళ్ల కొంగ కళ్లతో వెతకదు. మోకాల్లోతు నీళ్లలో ముక్కు సగం తెరిచి ముంచి అటూ ఇటూ ఊపుతుంది. ఏదైనా తగిలిందా, టక్కున మూసేస్తుంది. అందుకే బురదనీళ్లయినా దానికి ఇబ్బంది లేదు. నీటి లోతు పెరిగితే మాత్రం ఇబ్బంది.

చెట్ల దగ్గర ఇంత గోల ఎందుకు? తల్లులు అరుస్తాయా?

అరిచేది పిల్లలు. పెద్ద ఎర్రకాళ్ల కొంగకి గొంతు దాదాపు పెగలదు. ముక్కు రెండు భాగాలూ టకటక కొట్టుకుని మాట్లాడుకుంటాయి. తిండి తెచ్చిన తల్లి వాలగానే పిల్లలు చేసే రభస దూరం నుంచే వినిపిస్తుంది.

అడవి వదిలి మనుషుల మధ్య ఊళ్లోనే ఎందుకు గూళ్లు కడతాయి?

భద్రత. మనుషులు తిరిగే చోట పిల్లుల్లాంటి అడవి జంతువులు, పెద్ద గద్దలు కొంచెం తగ్గి ఉంటాయి. పెద్ద చెట్లు కూడా ఊళ్లలోనే మిగిలాయి. చింత లాంటి గట్టి కొమ్మల చెట్టు వీటి బరువుకి ఆగుతుంది. అయితే ఇదంతా ఊరివాళ్లు ఊరుకుంటేనే. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో కూడా ఇవే రెండు జాతులు ఊరి నడుమ చెట్ల మీద కాపురం చేస్తాయి, అక్కడా ఊరివాళ్ల ఆదరణే కారణం. మన రాష్ట్రంలోనే 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో ఇలాంటి గూడబాతుల స్థావరాన్ని గుర్తించి లోకానికి చెప్పారు. అదీ ఊరే.

తేలినీలాపురంలో పెద్దవాళ్లనడగండి, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులు అంటారు. అవి వచ్చిన ఏడు పంటకి మంచిదని నమ్మకం. ఈ నమ్మకం ఊరికే రాలేదు. పక్షి ఎక్కువగా వచ్చిన ఏడంటే వాన బాగా కురిసిన ఏడు. చెరువులు నిండాయి, తంపరలో చేప పెరిగింది, పక్షి దిగింది, పొలమూ పండింది. ఇక భరించేవాళ్లకి తెలుస్తుంది ఆ రెట్టల వాసన, రాలిపడే చేపముక్కల కంపు. ఇంటి పెరట్లో చెట్టున్నవాళ్లు ఆర్నెల్లు ఆ కంపుతోనే కాపురం చేయాలి. చూసి వెళ్లిపోయే మనం ముక్కు మూసుకుని వాళ్ల ముందు జోకులు వేయకపోవడం కనీస మర్యాద.

చెట్లు ఊరివి సరే, ఇన్ని పక్షులకి తిండి ఎక్కడిది?

ఇది అడిగేవాళ్లు తక్కువ. నిజానికి ముందు అడగాల్సింది ఇదే. ఒక్కో గూట్లో రెండు మూడు పిల్లలు, తల్లిదండ్రులు ఇద్దరూ రోజంతా తిరిగి తెస్తేనే కడుపులు నిండుతాయి. ఆ చేప ఊళ్లో దొరకదు. నౌపడ బీల నుంచి, తంపరల నుంచి, చుట్టుపక్కల చెరువుల నుంచి, ఉప్పుటేరుల నుంచి రావాలి. వానాకాలంలో నిండిన నీరు శీతాకాలంలో నెమ్మదిగా తగ్గుతూ మడుగుల్లోకి చేరుతుంది, దాంతో చేప ఒక్కచోట గుమిగూడుతుంది. పిల్లలు ఎదిగే కాలం సరిగ్గా ఆ కాలానికే కుదిరేలా ఇవి గుడ్లు పెడతాయి. ఫాల్గుణానికి తంపర ఎండిపోతుంది, పిల్లలకి రెక్కలొస్తాయి. ఇక్కడ ఇంక పని లేదు.

కాబట్టి చెట్టు చుట్టూ కంచె వేసి, వాచ్ టవర్ కట్టి, రంగుల బోర్డు పెడితే పక్షుల్ని కాపాడినట్టు కాదు. చెట్టు నిలిచి బీల పోతే అవి ఒక ఏడు వచ్చి చూసి వెళ్తాయి, మరుసటి ఏడు రావు.

ఈ జిల్లాలో బీలల కథ పక్షుల కథ ఒక్కటే కాదు. అవి చేపలు పట్టేవాళ్లవి, గడ్డి కోసుకునేవాళ్లవి, కాస్త తేమ మిగిలితే పంట వేసుకునేవాళ్లవి. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం అడ్డుపడినప్పుడు 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్లు వినే నేషనల్ ఎన్విరాన్‌మెంట్ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. నౌపడ బీలని ఆనుకునే ఉన్న కాకరాపల్లిలో అలాంటి థర్మల్ కేంద్రం గొడవలోనే 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. అప్పుడు రోడ్డెక్కినవాళ్లు పక్షుల కోసం రాలేదు, తంపర మీద బతుకు కోసం వచ్చారు. పక్షి బతుకూ అదే నీళ్ల మీద ఆధారపడింది.

ఇప్పుడు ఈ తీరంలోనే మూలపేట పోర్టు వస్తోంది. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. వలసెళ్లిపోయిన కుర్రాళ్లకి సొంతూళ్లో పని దొరుకుతుందంటే కాదనేవాళ్లెవరు? నా గోల ఒకటే: రోడ్లు, గోడౌన్లు ఎక్కడ కట్టాలన్నా ముందు నీటి దారి ఎటుందో చూడాలి. ఉప్పుటేరుకి అడ్డంగా పడిన ఒక్క కట్ట మొత్తం బీలని మార్చేస్తుంది.

కొన్నేళ్ల కిందట పక్షులు గుంపులుగా చనిపోయాయని విన్నాం. ఏమైంది?

2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. పరీక్షల్లో తేలింది ఏలికపాముల జాతి పరాన్నజీవి. దాని గుడ్లు పక్షి రెట్టతో నీళ్లలో పడతాయి. నీళ్లలోని చిన్న చిన్న ప్రాణులు వాటిని మింగుతాయి, వాటిని చేప తింటుంది, చేపని పక్షి తింటుంది. మళ్లీ పక్షి కడుపులో అది పెద్దదవుతుంది. కొద్దిగా ఉంటే పక్షి తట్టుకుంటుంది, ఎక్కువైతే నీరసించి చెట్టు మీంచి రాలిపోతుంది. ఎర్రకాళ్ల కొంగలు అదే చెట్ల మీద ఉన్నా అంత దెబ్బ తినలేదు. కొక్కరె బెళ్లూరులోనూ గూడబాతులకి ఇలాంటి చావులే వచ్చాయి.

అడవి పక్షులన్నిటినీ పట్టి మందు వేయడం కుదిరే పని కాదు. చేప పెరిగే నీళ్లు శుభ్రంగా ఉండటం, ఒక్క మురికి గుంట మీదే అన్నీ ఆధారపడే పరిస్థితి రాకుండా చూడటమే దారి. మళ్లీ నీళ్ల దగ్గరికే వచ్చాం.

బర్డ్ ఫ్లూ భయం ఉందా?

దూరం నుంచి చూసేవాళ్లకి టెన్షన్ అక్కర్లేదు. చచ్చిన పక్షిని, ఈకల్ని, రెట్టల్ని ముట్టుకోకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. ఒకేచోట చచ్చిన పక్షులు ఎక్కువగా కనబడితే అటవీ శాఖవాళ్లకో పశువైద్యశాలకో చెప్పండి. ఇంట్లో కోళ్లున్నవాళ్లు ఊరికి తిరిగొచ్చాక చెప్పులు కడుక్కునే కోళ్ల దగ్గరికి వెళ్లాలి.

తేలుకుంచి కూడా అదే ట్రిప్పులో చూసేయొచ్చా?

ఈ కాలంలో వద్దు. ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు. వాటి లెక్క పూర్తిగా వేరు. జూన్, జూలైలో తొలకరితో దిగుతాయి, నవంబరు, డిసెంబరుకల్లా వెళ్లిపోతాయి. ఫిబ్రవరిలో వెళ్తే ఖాళీ చింతచెట్లు కనిపిస్తాయి. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తని పగలగొట్టకుండా కింది ముక్కు కొసతో కండని లాగేసుకోవడానికి పనికొచ్చే అమరిక అది. వరిమడుల్లో నత్తలుంటేనే వాటికి తిండి కాబట్టి వాన పడగానే వస్తాయి. ఇవీ సైబీరియావి కావు, అయినా తిరుగుబోతులే. భరత్‌పూర్‌లో ఉంగరం తొడిగిన నత్తగుల్ల కొంగ ఒకటి తూర్పుగా 800 కిలోమీటర్ల దూరంలో దొరికింది. థాయ్‌లాండ్‌లో తొడిగినవి బంగ్లాదేశ్‌లో దొరికాయి.

తుపాన్ల దెబ్బ ఆ పక్క ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు కొబ్బరి, జీడిమామిడి తోటలతోపాటు పాత పెద్ద చెట్లు ఎన్నో పోయాయి. మొక్క నాటితే కొమ్మలేసి కొంగ బరువు మోయడానికి ఒక తరం పడుతుంది.

ఏ టైములో వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి చీకటిపడేదాకా. తొమ్మిది దాటి నేల వేడెక్కాక గూడబాతులు వేడిగాలి పట్టుకుని రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. అది కూడా చూసి బయల్దేరితే సరిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి వచ్చి 'ఏమీ లేవు' అనేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

మంచినీళ్లు, టోపీ, వీలైతే బైనాక్యులర్. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది చాలు, అంతకంటే పెద్దదైతే చేతిలో ఊగుతుంది. తెల్లబట్టలు, మెరిసే రంగులు వద్దు. గూటి కిందకి వెళ్తే తల మీద ఏం పడుతుందో చెప్పలేం, కాబట్టి వెళ్లకండి. ఉప్పుమడుల గట్ల మీద నడవాలంటే ముందు అక్కడ పనిచేసేవాళ్లని అడగండి. ఎండాకాలం ఉప్పు తీసే కాలం, వాళ్ల గట్టు విరిగితే వాళ్ల కూలి పోతుంది.

డ్రోన్ ఎగరేయొచ్చా? దగ్గరి ఫొటో కోసం ఇంకేమైనా మార్గముందా?

డ్రోన్ వద్దు. తల్లి భయపడి లేచిందంటే పిల్లలు తొక్కిసలాటలో కింద పడతాయి, ఎండలో నీడ పోతుంది, కాకి వచ్చి గుడ్డు ఎత్తుకుపోతుంది. డప్పులు, బాణసంచా, పెద్ద హారన్ కూడా అంతే. కదలకుండా ఒక్కచోట కూర్చుంటే పక్షే దగ్గరికి వస్తుంది.

గూటి నుంచి పిల్ల కింద పడితే ఏం చేయాలి?

నోట్లో నీళ్లు పోయకండి, అన్నం పెట్టకండి. కుక్కలు రాకుండా చూస్తూ పక్షుల విడిది కేంద్రం దగ్గరున్న అటవీ సిబ్బందికో, ఊరివాళ్లకో చెప్పండి. వాళ్లకిది కొత్త కాదు. ముక్కు పొడుగున్న పక్షి భయపడితే కంటి మీద పొడుస్తుంది, జాగ్రత్త.

ఈ పక్షుల్ని పట్టినా, కొట్టినా శిక్ష ఉంటుందా?

ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. గుడ్లు తీయడం, గూళ్లు పాడుచేయడం కూడా. హోటళ్లలో 'కొంగ మాంసం' అని గుసగుసగా అమ్మజూపితే తినేవాడూ అందులో భాగస్తుడే.

మాది విజయనగరం. అంత దూరం రాలేం. ఊళ్లోనే వలస పక్షులు కనిపిస్తాయా?

తప్పకుండా. మార్చిలో సాయంత్రం పూట కరెంటు తీగల మీద చూడండి. వీపు నీలిగా మెరుస్తూ, తోక రెండుగా చీలి ఉండే పిట్టలు వరసగా కూర్చుని ఉంటే అవి ప్రయాణానికి గుమిగూడుతున్నాయని అర్థం. చెరువు గట్టున తోక పైకీ కిందికీ ఆడిస్తూ నడిచే పసుపుపచ్చ పిట్ట ఉత్తరాది అతిథి. మోదుగ, బూరుగ పూసినప్పుడు తేనె కోసం గుంపులుగా దిగే గులాబీరంగు గోరువంకలు మధ్య ఆసియా నుంచి వస్తాయి, ఏప్రిల్‌లో వెళ్లిపోతాయి. పెరట్లో పొద మధ్య దాక్కుని 'చెక్, చెక్' అంటూ నాలుక చప్పరించినట్టు పలికే గోధుమరంగు చిన్నపిట్ట కూడా అంతే. అది కనబడటం కష్టం, వినబడటం తేలిక.

పిల్లలు, పెద్దవాళ్లతో వస్తున్నాం. దగ్గర్లో ఇంకేమైనా చూడొచ్చా?

టెక్కలి పక్కనే రావివలసలో ఎండల మల్లికార్జునుడు ఉన్నాడు, పైకప్పు లేకుండా ఎండలోనే ఉండే పెద్ద లింగం. శివరాత్రికి వస్తే జనం మధ్య దర్శనం చేసుకోవాలి. మార్చి రెండో వారంలో వచ్చేవాళ్లు అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకే రోజుల్ని కలుపుకుంటారు. మబ్బు లేకపోతేనే సుమా. తీరం వైపు వెళ్తే ఈ నెలల్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, రాత్రిపూట టార్చి లైట్లతో వాటి వెంట పడకండి.

చూసిన పక్షుల్ని ఎక్కడైనా నమోదు చేయొచ్చా? మాలాంటి కొత్తవాళ్ల లెక్క పనికొస్తుందా?

పనికొస్తుంది. ఫోన్‌లో ఈబర్డ్ యాప్ వేసుకుని చోటు, సమయం, జాతి, సంఖ్య పెడితే చాలు. జాతి తెలియకపోతే ఫొటో జత చేయండి, తెలిసినవాళ్లు సరిచేస్తారు. తేలినీలాపురం గూళ్ల లెక్కలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఉప్పుమడుల ఉల్లంకుల లెక్క రాసేవాళ్లే తక్కువ. ముఖ్యంగా మార్చి 15 తర్వాత ఏవి ఇంకా ఉన్నాయి, ఏవి వెళ్లిపోయాయి అన్న సంగతి ఎవరు రాసినా కొత్త సమాచారమే. లెక్కపెట్టడం నేర్చుకోవాలంటే ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన మంచి బడి. 1987 నుంచి నడుస్తోంది, వలంటీర్లే దాని బలం. గుంపు పెద్దదైతే పది పక్షులు ఎంత మేర ఆక్రమించాయో ముందు చూసుకుని, అలాంటి ముక్కలు ఎన్నున్నాయో లెక్కేయండి.